బోనులో పుట్టిన బంగారు కోతి

బ్రెజిల్ దేశపు ఇరవై రియాల్ నోటును తిరగేసి చూస్తే దానిమీద ఒక కోతి బొమ్మ కనిపిస్తుంది. 2002 లో ఆ నోటును మొదటిసారి విడుదల చేశారు. మన పాత పదిరూపాయల నోటుమీద ఏనుగు, పులి, ఖడ్గమృగం ఉండేవి గాని, కోతికి ఆ గౌరవం మనం యివ్వలేదు. హనుమంతుడికి వీధికొక గుడి కట్టిన దేశంలో దక్కని మర్యాద ఆ కోతికి బ్రెజిల్‌లో ఎలా దక్కింది? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1970 తరువాతి తొలి యేళ్ళలో ఆ జాతి కోతులు అడవిలో 200 కు మించి ఉండవని అంచనా వేశారు. బ్రెజిల్‌కు బయట ప్రపంచంలోని జూలన్నింటిలో ఉన్నవాటిని కలిపినా నూరు లేవు. 2023 లో లెక్క చూచేసరికి అడవిలో సుమారు 4,800 ఉన్నవి. ఈ యాభై యేళ్ళలో అడవికి జూ సాయపడింది. జూకు అడవి పాఠం చెప్పింది. ఆ కథే యీ వ్యాసం.

జంతుప్రదర్శనశాల అంటే మనలో చాలామందికి సెలవురోజు సరదా. పిల్లలకు పులిని చూపించి, ఏనుగును చూపించి, పులిహోర పొట్లం విప్పుకుని చెట్టుకింద కూర్చుంటాం. నాకూ ఆ సరదా ఉన్నది. కాని కోతుల బోనుల దగ్గరకు వచ్చేసరికి ఎందుకో మనసు చివుక్కుమంటుంది. పులి పడుకుని ఉంటుంది, మొసలి కదలదు. కోతి మాత్రం మన కళ్ళలోకి చూస్తుంది. అరుదైన జాతిని కాపాడటానికే బోనులో పెట్టామని అధికారులు బోర్డు రాసి పెడతారు. అది నిజమేనా, లేక మన వినోదానికి తగిలించిన మంచిపేరా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి బంగారు కోతి కథకు మించినది లేదు.

ఉడుతంత సింహం

ఈ కోతిని బ్రెజిల్‌వాళ్ళు ‘మికో లియావ్ దొరాదో’ అంటారు. బంగారు సింహపు కోతి అని అర్థం. తెలుగులో మనకు పేరు లేదు గనుక బంగారు కోతి అనుకుందాం. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు వాషింగ్టన్ నగరంలోని నేషనల్ జూలో వీటిని చూచాను. 1889 లో ఏర్పడిన జూ అది. ప్రవేశ రుసుము లేదు. చిన్న జంతువుల భవనంలో, అద్దం వెనుక, కొమ్మలమీద అటూ యిటూ దూకుతున్నవి.

మనిషి అరచేతిలో యిమిడిపోయేటట్లు కనిపించే యీ జీవి ఉడుతకంటె కాస్త పెద్దది. బరువు అరకిలో పైచిలుకు. తోక ఒంటికంటె పొడుగు. ఒళ్ళంతా మేలిమి బంగారపు రంగు. ముఖం చుట్టూ సింహపు జూలులాంటి వెంట్రుకలు. వేళ్ళకు మన కోతులకున్నట్లు గోళ్ళు గాక పంజా గోళ్ళుంటాయి. ఆ సన్నని పొడుగు వేళ్ళను బెరడు పగుళ్ళలోకి, చెట్లమీద పెరిగే మొక్కల ఆకుల సందుల్లోకి దూర్చి పురుగులను, చిన్న కప్పలను లాగి తింటుంది. పండ్లు సరేసరి. రాత్రిళ్ళు కుటుంబమంతా చెట్టుతొర్రలో ఒకదాన్నొకటి కరచుకుని నిద్రపోతుంది.

కుటుంబం అన్నమాట ఊరికే అనలేదు. ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలు కలిసి ఒక కాపురం. తల్లికి సాధారణంగా కవలలు పుడతారు. పుట్టిన కొద్ది వారాలకే తండ్రి ఆ పిల్లలను వీపుమీదికి ఎత్తుకుంటుంది. అన్నలూ అక్కలూ కూడా వంతులవారీగా మోస్తారు. తాము పట్టిన పురుగును తమ్ముడికి తినిపిస్తారు.

అద్దానికి ఆవల ఒక కోతి వీపుమీద రెండు పిల్లలు అతుక్కుని ఉన్నవి. బోర్డు చదివి, మోస్తున్నది తండ్రి అయి ఉంటుందని నేను చెప్పగానే మా ఆవిడ, “చూశారా, ఇద్దర్నీ ఎత్తుకుని తిరుగుతోంది. మీరు ఒక్కపిల్లను పట్టుకుని పది నిమిషాలు నిలబడిన రోజుందా?” అన్నది. నేను మిగతా బోర్డు చదవడంలో మునిగిపోయాను.

ఇంతలో ఎనిమిదేళ్ళ మా మనవరాలు, “తాతయ్యా, ఇవి అడవిలో ఉండేవే కదా, అక్కడ వదిలేస్తే పోలేదూ?” అని అడిగింది. చిన్నపిల్ల ప్రశ్నే గాని, పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు పాతికేళ్ళు తలలు బద్దలుకొట్టుకున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే.

అందమే శత్రువు

బంగారు కోతి బ్రెజిల్ తూర్పు తీరంలో, రియో డి జనీరో రాష్ట్రంలో మాత్రమే పుట్టి పెరిగే జాతి. ఆ తీరం పొడుగునా ఒకనాడు ఉన్న అట్లాంటిక్ అడవిలో యిప్పుడు మిగిలింది పదోవంతుకు అటూ యిటూ. చెరుకు తోటలకు, కాఫీ తోటలకు, బొగ్గు బట్టీలకు, పశువుల మేతబీళ్ళకు, చివరకు నగరాలకు అడవిని నరికారు. బంగారు కోతి నివసించే పల్లపు అడవి మనిషికి కూడా అనువైనదే కావడం దాని దురదృష్టం.

మిగిలిన కోతులకు అందం శత్రువైంది. పెంపుడు జంతువులుగా, జూలకు అలంకారంగా, ప్రయోగశాలలకు సరుకుగా వీటిని పట్టి పెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపేవారు. 1960 తరువాతి యేళ్ళలో ఏటా వందలకొద్దీ ఎగుమతి అయినవి. ఒక పిల్ల కోతి సజీవంగా దొరకాలంటే దానిని మోస్తున్న పెద్దకోతి చావడమో, కుటుంబమంతా చెదరిపోవడమో మామూలు.

ఈ సంగతి మొదట గట్టిగా చెప్పినవాడు అదెల్మార్ కోయింబ్రా ఫిల్యో అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు. అడవులన్నీ కాలినడకన తిరిగి, ఈ జాతి అంతరించిపోతున్నదని 1960 తరువాతి యేళ్ళలోనే హెచ్చరించాడు. ఇకమీదట వీటిని అడవినుంచి కొనరాదని విదేశీ జూలు కట్టుబాటు చేసుకున్నవి. 1967 లో బ్రెజిల్ వన్యప్రాణుల రక్షణ చట్టం చేసింది. 1974 లో ‘పోసో దాస్ ఆంతాస్’ అనేచోట సుమారు 5,000 హెక్టార్ల అడవిని ప్రత్యేకంగా వీటికోసమే కేటాయించారు.

కొనడం మానేసిన తరువాత జూలకు ఒక చేదునిజం తెలిసివచ్చింది. అంతవరకు ఒక కోతి చస్తే మరొకటి తెప్పించుకునేవారు. ఇప్పుడు తెప్పించుకునే దారి లేదు. ఉన్నవి చస్తున్నవి; పుట్టినవి బతకడం లేదు. కాపాడతామని పెట్టుకున్న బోనులోనే జాతి కరిగిపోతున్నది.

తిండి పెడితే చాలదు

1972 లో వాషింగ్టన్‌లో శాస్త్రజ్ఞులూ, జూ అధికారులూ సమావేశమై యీ జాతిని నిలబెట్టే మార్గం ఆలోచించారు. తరువాత ఆ భారం ముఖ్యంగా నేషనల్ జూలో పనిచేసే దేవ్రా క్లైమన్ అనే ఆవిడ తలకెత్తుకున్నది. జంతువుల నడవడి ఆమె చదువు. 2010 లో ఆమె చనిపోయేవరకు బంగారు కోతి పేరు ఎక్కడ వినిపించినా ఆమె పేరు తోడుగా వినిపించేది.

ఆమె, ఆమె తోటివారు గంటల తరబడి కూర్చుని కోతుల కాపురాన్ని గమనించారు. లోపాలు ఒక్కొక్కటే బయటపడినవి. మొదటిది తిండి. పండ్లు తినే జీవి గదా అని పండ్లే పెడుతూ వచ్చారు. అడవిలో అది పురుగులనూ, కప్పలనూ పట్టి తింటుంది గనుక మాంసకృత్తులు కావాలి. ఆ ఖండపు కోతులకు డి విటమిన్‌లోనూ ఒక ప్రత్యేక రకం, డి-3, ఉంటేగాని ఎముక గట్టిపడదు.

రెండవది కాపురం. ఇతర కోతుల్లాగే గుంపుగా పెట్టవచ్చుననుకున్నారు. కాని యిది ఏకపత్నీవ్రతం పాటించే జీవి. ఒక యింట్లో పిల్లలుకనే ఆడది ఒక్కటే. ఎదిగిన రెండు ఆడవాటిని ఒకే బోనులో పెడితే ప్రాణం తీసుకునేదాకా పోట్లాడుకుంటవి. తల్లీకూతుళ్ళయినా అంతే.

మూడవది అన్నింటికంటె ముఖ్యం. పిల్లలు కాస్త పెద్దవి కాగానే తల్లిదండ్రులనుంచి తీసివేసి వేరే పెట్టేవారు. అలా పెరిగిన కోతులు తాము తల్లులైనప్పుడు పిల్లను ఎలా ఎత్తుకోవాలో తెలియక వదిలేసేవి, లేదా గాయపరిచేవి. తమ్ముణ్ణి, చెల్లెల్ని మోసిన అనుభవం ఉన్న కోతే మంచి తల్లి, మంచి తండ్రి అవుతున్నదని తేలింది. మన యిళ్ళల్లో పెద్దపిల్ల చంకన చంటివాణ్ణి వేసుకుని తిరుగుతూ తెలియకుండానే నేర్చుకునే విద్య లాంటిదే అది. పిల్లలను తల్లిదండ్రుల దగ్గరే, తరువాతి కాన్పు చూచేదాకా ఉంచడం మొదలుపెట్టారు. అక్కడినుంచి లెక్క మారింది. పది పన్నెండేళ్ళలో జూలలోని బంగారు కోతుల సంఖ్య వందల్లోకి పెరిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కోతిని బోనులో ఉంచడం అన్నం పెట్టి నీళ్ళు పోసినంత పని కాదు. ఆకులు తినే కొన్ని జాతులకు పొట్టే అరలు అరలుగా ఉండి, ఆకును పులియబెట్టి జీర్ణం చేసుకుంటుంది. అలాంటివాటిని అలవాటు లేని ఆహారంతో బోనులో నిలబెట్టడం చాలా కష్టమైంది. ఇక రోగాల సంగతి. మన పెదవిమీద జ్వరపు పొక్కు వస్తే నాలుగురోజుల్లో పోతుంది. అదే క్రిమి బంగారు కోతి జాతివాటికి సోకితే ప్రాణం తీయగలదు. జూలో అద్దం పెట్టింది కోతినుంచి మనల్ని కాపాడటానికి అనుకుంటాం. మననుంచి కోతిని కాపాడటానికి కూడా!

పెళ్ళిళ్ళ పేరయ్యలు

సంఖ్య పెరిగితే సరిపోదు. మొదట ఉన్న కోతులే కొద్ది. వాటి సంతానం తమలో తాము జతకడుతూపోతే రక్తం పలుచబడి, బలహీనమైన పిల్లలు పుడతారు. మనం సగోత్రం కూడదన్నట్లే వీటికీ ఒక కట్టుబాటు కావాలి. అందుకని ప్రపంచంలో ఏ జూలో ఏ బంగారు కోతి ఎప్పుడు పుట్టిందో, దాని తల్లిదండ్రులు ఎవరో, తాత ముత్తాతలు ఎవరో అన్నీ ఒక వంశావళి పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. ఆ పుస్తకం చూచి, ఈ వూరి పిల్లకు ఆ వూరి పిల్లవాడు తగునని నిర్ణయిస్తారు. పెళ్ళిళ్ళ పేరయ్య చంకలో జాతకాల కట్ట ఉన్నట్లే జూ అధికారుల దగ్గర యీ పుస్తకం. సముద్రాలు దాటి సంబంధాలు కుదురుతవి. ఒక్కొక్క జంటను, ఇప్పటికి చాలు, ఇక పిల్లలు వద్దని ఆపడం కూడా ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటున్నది. జూలు యీ కోతులను అమ్ముకోవు, కొనుక్కోవు. ఎక్కడ ఉన్నా ఇవి బ్రెజిల్ దేశపు సొత్తని జూలు ఒప్పుకున్నవి. పుట్టిల్లు ఎక్కడో మరిచిపోకుండా ఉండటానికి యిది మంచి పద్ధతి. నూరుకు పైగా జూలలో పెరుగుతున్న కోతులు ఎవరి గొప్ప కోసమూ కాదు. అడవిలో ఉపద్రవం వస్తే మళ్ళీ విత్తనం వేయడానికి దాచిన గాదె అన్నమాట.

అడవి రాని అడవికోతి

గాదెలో గింజ మొలకెత్తుతుందా లేదా అన్నది నేలలో వేస్తేగాని తెలియదు. 1984 లో జూలలో పుట్టిన కోతులను మొదటిసారి పోసో దాస్ ఆంతాస్ అడవిలో వదిలారు. బెంజమిన్ బెక్ అనే శాస్త్రజ్ఞుడు యీ పనికి పెద్ద. పంపే ముందు వాటికి శిక్షణ యిచ్చారు. గిన్నెలో పెట్టే తిండిని చిన్న చిన్న కన్నాల్లో దాచి, వెతుక్కోవడం నేర్పారు. కదలని కర్రలు తీసి ఊగే కొమ్మలు పెట్టారు.

అయినా ఏం జరిగింది? అడవికోతి అడవిలో అడుగుపెట్టి తెల్లబోయింది. బోనులోని కర్ర ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది; అడవిలో కొమ్మ బరువుకు వంగుతుంది, తీగ ఊగుతుంది. దూకబోయి కొన్ని జారిపడినవి. కాస్త దూరం పోయి, తిరిగివచ్చే దారి తెలియక కొన్ని తప్పిపోయినవి. ముక్కలు కోసి పెట్టిన పండు తినడం అలవాటైన కోతికి చెట్టున వేలాడేది తిండి అని తట్టదు. ఏ పాము విషపుదో, ఏ పండు తినరానిదో చెప్పే పెద్దలు లేరు. మొదటి జట్టులో చాలాభాగం ఏడాది తిరక్కుండానే పోయినవి.

ఇక్కడ ఆ పని మానివేసి ఉంటే యీ కథ వేరుగా ఉండేది. వాళ్ళు మానలేదు, పద్ధతి మార్చారు. 1986 నుంచి వాషింగ్టన్ జూలోనే వేసవికాలంలో కొన్ని కుటుంబాలను బోను తలుపు తీసి చెట్లమీదికి వదిలారు. వల లేదు, కంచె లేదు. పారిపోవూ అని సందర్శకులు విస్తుపోయారు. కుటుంబమంతా కలిసి ఉన్నది, పడుకునే పెట్టె చెట్టుకు కట్టి ఉన్నది. అటువంటప్పుడు అవి దూరం పోవు. ఇల్లూ సంసారమూ ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? అక్కడ నిజమైన కొమ్మలమీద కాళ్ళూ చేతులూ కుదురుకున్నాక బ్రెజిల్ ప్రయాణం.

బ్రెజిల్ అడవిలో వాటికి కట్టి యిచ్చిన యిల్లేమిటో తెలుసా? మనం ప్రయాణాల్లో చల్లని నీళ్ళసీసాలు పెట్టుకునే ఐసుపెట్టె. దానిలో అరలు చేసి, కన్నం పెట్టి, చెట్టుకు బిగించారు. అడవిలో పెద్దచెట్లు నరికివేసిన తరువాత తొర్రలు ఎక్కడ దొరుకుతాయి? మనుషులు రోజూ వెంట ఉండి పండు అందించారు, తప్పిపోయినదాన్ని తెచ్చి యింటివాళ్ళలో కలిపారు, దెబ్బతిన్నదానికి మందు వేశారు. నెమ్మది నెమ్మదిగా ఆ సాయం తగ్గించుకుంటూ వచ్చారు.

లెక్కలన్నీ తీసి చూచిన తరువాత వాళ్ళు ఒక సంగతి దాచకుండా చెప్పారు. పంపే ముందు బోనులో యిచ్చిన శిక్షణవల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. పంపిన తరువాత అడవిలో వెంట ఉండి చేసిన సాయమే పనికివచ్చింది. అన్నింటికంటె మిన్న అయిన విశేషం మరొకటి. బోనులో పుట్టిన పెద్దవాటిలో చాలా భాగం రెండేళ్ళు దాటి బతకలేదు. కాని అవి అడవిలో కన్న పిల్లలు మాత్రం అడవికోతుల్లాగే గెంతినవి, వెతుక్కున్నవి, బతికినవి. తల్లికి రాని విద్య బిడ్డకు అడవి నేర్పింది.

1984 నుంచి 2000 వరకు మొత్తం 146 కోతులను యిలా పంపారు. తరువాతి లెక్కలలో అడవిలో ఉన్న బంగారు కోతుల్లో మూడోవంతు వీటి సంతతేనని తేలింది. 2003 లో ప్రపంచ పరిరక్షణ సంఘం యీ జాతిని అంతరించే అంచున ఉన్నవాటి పట్టికనుంచి ఒక మెట్టు కిందికి దింపింది. అలా దింపడం ఎంత అరుదో యీ రంగంలో ఉన్నవారికి తెలుసు.

రైతుల తోటల్లో కోతులు

ఇదంతా జూల ఘనతే అనుకుంటే పొరపాటు. కోతులను ఎక్కడ వదలాలి? ప్రభుత్వపు అడవి చాలదు. మిగిలిన అడవి ముక్కలు ముక్కలై పశువుల బీళ్ళ మధ్య, భూస్వాముల చేతుల్లో ఉన్నది. అక్కడివారి యిళ్ళకు పోయి, మాట్లాడి, ఒప్పించారు. ఇరవైకి పైగా సొంత తోటల్లో కోతులను వదలనిచ్చారు. మా అడవిలో బంగారు కోతులున్నాయని గర్వంగా చెప్పుకునేవారు తయారయ్యారు. 1992 లో బ్రెజిల్‌వారే యీ కోతిపేరుతో ఒక సంఘం పెట్టుకుని పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఎటూ పోలేక చిన్న అడవిముక్కల్లో చిక్కుకున్న ఆరు కుటుంబాలను, 42 కోతులను, 1994 నుంచి మూడేళ్ళలో యూనియావ్ అనే అడవికి తరలించారు. 1998 లో ఆ అడవీ రక్షితమైంది. ముక్కకూ ముక్కకూ మధ్య చెట్లు నాటి దారులు వేశారు. పెద్ద రహదారి అడవిని రెండుగా చీల్చినచోట, 2020 లో, కోతులు దాటడానికి చెట్లు పెంచే వంతెన కట్టారు. లారీలు కింద పోతాయి. పైన అడవి ఎదుగుతుంది.

అయినా గండం గడిచిందనుకోవడానికి వీలులేదు. 2014 లో 3,700 కు చేరిన కోతులు, 2016 చివర మొదలైన పచ్చజ్వరం మహమ్మారి తరువాత 2,500 కు పడిపోయినవి. ముప్పై యేళ్ళ కష్టంలో మూడోవంతు ఒక్క దోమకాటుతో కొట్టుకుపోయింది. 2021 నుంచి అడవికోతులను పట్టి, టీకా వేసి, మళ్ళీ కుటుంబంలో వదలడం మొదలుపెట్టారు. తరువాతనే 2023 నాటి 4,800 లెక్క వచ్చింది. అటువంటి రోజు మళ్ళీ వస్తే జూలలోని గాదె ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

మన సింగళీకం

ఇంత దూరం పోయి బ్రెజిల్ కథ చెప్పడానికి కారణం మన దక్షిణాదిలోనే ఉన్నది. నిగనిగలాడే నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ వెండి జూలు, చివర కుచ్చు ఉన్న సింహపు తోక — ఇది సింగళీకం. పశ్చిమ కనుమల్లో, కర్ణాటక, కేరళ, తమిళనాడు రాష్ట్రాల వానఅడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. మన తెలుగునాట అడవుల్లో ఇది లేదు. చూడాలంటే జూకే పోవాలి. నేను మైసూరు జూలో చూచాను. 1892 లో పెట్టిన పాత జూ అది. పేరుకు తగ్గట్టు గంభీరంగా కూర్చుని, మనవైపు ఒకసారి చూచి, ఇక చూడనవసరం లేదన్నట్లు తల తిప్పుకుంటుంది.

అడవిలో వీటి సంఖ్య నాలుగువేలకు అటూ యిటూ ఉంటుందని అంచనా. బంగారు కోతిలాగా కవలలను కనదు. ఆరేళ్ళు దాటితేగాని తొలి కాన్పు లేదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య రెండు మూడేళ్ళు పడుతుంది. కాబట్టి ఒక్కటి పోయినా పూడ్చుకోవడం కష్టం. కేరళలోని సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కడతామన్నప్పుడు, ఆ అడవిని కాపాడాలని పోరాడినవారి నోట ఎక్కువగా వినిపించిన పేరు యీ సింగళీకానిదే. 1983 లో ఆ పథకం విరమించారు. అడవి నిలిచింది.

వండలూరు, మైసూరు, తిరువనంతపురం జూలలో సింగళీకాలను పెంచుతున్నారు. మంచిదే. 1992 లో కేంద్ర జూ ప్రాధికారం ఏర్పడిన తరువాత బోనుల కొలతలకూ, తిండికీ, వైద్యానికీ నిబంధనలు వచ్చినవి. కాని బంగారు కోతి చెప్పిన పాఠం ప్రకారం చూస్తే, జూలో ఎన్ని పుట్టినవన్నది సగం లెక్కే. తేయాకు, కాఫీ తోటల మధ్య ముక్కలైన అడవిని కలపడం మిగతా సగం. తమిళనాడులోని వాల్పారై దగ్గర యీ కోతులు చెట్టుమీద దారి తెగిపోయి రోడ్డుమీదికి దిగుతున్నవి. యిళ్ళ కప్పులమీదికి వస్తున్నవి. అవి నేలకు దిగకుండా దాటడానికి రోడ్డుకు యీవలి చెట్టునుంచి ఆవలి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టారు. ఖర్చు తక్కువ పని. ఫలితం ఒక ప్రాణం.

జూకు పోయినప్పుడు

అరుదైన కోతులను జూలలో ఉంచవచ్చునా అంటే, ఇప్పుడు నేను ఉంచవచ్చుననే చెబుతాను. కాని మూడు షరతులమీద. కుటుంబాన్ని కుటుంబంగా ఉంచాలి. వంశావళి చూచి పెంచాలేగాని అమ్ముకోవడానికి, ప్రదర్శనకు ఒంటరికోతిని తెచ్చి పెట్టకూడదు. అన్నింటికీ మించి ఆ జూకు ఎక్కడో ఒక అడవితో సంబంధం ఉండాలి. ఆ మూడూ లేనిచోట బోర్డుమీద ‘అరుదైన జాతి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది బోనే.

ఇందులో మన వంతూ లేకపోలేదు. జూకు పోయినప్పుడు పిల్లల చేతికి వేరుశనగలిచ్చి కోతికి వేయమనకండి. అద్దంమీద తట్టవద్దని చెప్పండి. ముద్దుగా ఉన్నదని కోతిపిల్లను యింట్లో పెంచే సరదా ఎవరికైనా ఉంటే, దానిని మోసుకుతిరిగిన తల్లి ఏమైందో అడగండి. బోను ముందు నిలబడినప్పుడు పిల్లలకు ఆ కోతిపేరుతోబాటు దాని వూరుపేరు కూడా చెప్పండి. ఏ కొండలు, ఏ నది, ఏ చెట్లు అన్నది చెప్పండి. ఆ అడవి నిలిచి ఉన్నంతకాలం బోనులో పుట్టిన పిల్లకు పుట్టిల్లంటూ ఒకటి ఉంటుంది.